కళింగసీమలో ఆకుపని

మనము నిత్యము చూచే వస్తువులలో ఆకు కంటె తేలికైనది లేదు. గాలి వీస్తే రాలుతుంది, ఎండ కాస్తే వడలుతుంది, నిప్పు తగిలితే క్షణములో బూడిద అవుతుంది. అయినను గీతాచార్యుడు, భక్తుడు అర్పించదగిన వస్తువులను చెప్పునపుడు మొట్టమొదట పేర్కొన్నది పత్రమునే. పువ్వు, పండు, నీరు ఆ తరువాతనే వచ్చాయి. ఎంతటి పేదవానికైనను చేతికి అందేది ఆకే కదా అని పెద్దలు దానికి అర్థము చెబుతారు.

నేడు మనము విచారించబోయేది ఆ ఆకును గురించియే. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల చరిత్ర అనగానే మనకు ముఖలింగము రాతి శిల్పములు, శ్రీకూర్మము స్తంభముల మీది శాసనములు, బొబ్బిలి కోట గుర్తుకు వస్తాయి. అవన్నీ రాతితోను ఇనుముతోను నిలిచిన చరిత్ర. వాటి ప్రక్కనే ఆకుతో నడిచిన చరిత్ర మరొకటి కలదు. మన పూర్వులు ఆకు క్రింద నివసించారు, ఆకులో భుజించారు, ఆకు మీద వ్రాసుకొన్నారు. ఆ వస్తువులలో చాలా భాగము నేడు కానరావు. వాటిని చేసిన చేతుల కథను చెప్పుకోవలసిన బాధ్యత మన మీద ఉన్నది.

మనిషి కంటె ముందుగా ఆకుపని నేర్చినవి పక్షులు, పురుగులు. మొదట వాటికి నమస్కరించి ముందుకు సాగుదాము.

వానకాలములో మన పల్లెలలో చెరువుగట్టు మీది తాటిచెట్టును చూడండి. ఆకుల కొనలకు సొరకాయ బుర్రల వలె గూళ్ళు వ్రేలాడుతూ ఉంటాయి. అది గిజిగాని పని. మగపక్షి తాటాకు అంచున ముక్కుతో చిన్న గాటు పెట్టి, ఆ కొనను పట్టుకొని ఎగురుతుంది. ఎగిరిన వేగానికి సన్నని నార చీలి వస్తుంది. వరి ఆకును, గడ్డిని కూడా అదే విధముగా చీల్చి తెస్తుంది. ఒక గూడు పూర్తి కావడానికి సుమారు 18 దినములు పడుతుందనియు, అందుకు ఆ పిట్ట 500 మారుల వరకు నార మోయవలసి ఉంటుందనియు పరిశీలకులు లెక్కించారు. గూడు సగము అయిన తరువాత ఆడపక్షి వచ్చి పరీక్షిస్తుంది. దానికి నచ్చితేనే మిగిలిన సగము. నచ్చకపోతే మగపక్షి ఆ గూటిని విడిచి వేరొకటి మొదలుపెడుతుంది. ఎక్కువ గూళ్ళు చెట్టుకు తూర్పువైపున ఉంటాయి; నైరుతి నుండి వచ్చే గాలివానకు చెట్టే అడ్డుగా నిలుస్తుంది. మన దేశపు పక్షిశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన సలీం అలీ తొలినాళ్ళలో కీర్తి పొందినది ఈ గిజిగాని కాపురమును పరిశీలించుట చేతనే.

గిజిగాడు నేతగాడైతే, కుట్టుపిట్ట దర్జీ. అది బ్రతికి ఉన్న ఆకును చెట్టు నుండి త్రెంపదు. ఆకు అంచులకు ముక్కుతో రంధ్రములు చేసి, సాలెపట్టుతోను ప్రత్తి పోగులతోను వాటిని దగ్గరకు లాగి సంచివలె కుడుతుంది. ఆకు పచ్చగానే ఉండుట వలన పిల్లిగాని కాకిగాని ఆ గూటిని సులభముగా గుర్తించలేవు.

ఇక విజయనగరము ప్రాంతపు మామిడితోటలలోనికి వెళ్ళండి. కొమ్మల చివర పది ఆకులు దగ్గరకు చేరి బంతివలె కనిపిస్తాయి. తోటమాలి వాటి దగ్గరకు పోవద్దని హెచ్చరిస్తాడు. అవి ఎర్రచీమల గూళ్ళు. ఈ చీమలు ఒకదాని నడుమును ఒకటి పట్టుకొని గొలుసుగా ఏర్పడి రెండు ఆకులను దగ్గరకు లాగుతాయి. పట్టు దారము పెద్ద చీమలకు లేదు, వాటి పిల్లపురుగులకు ఉన్నది. కనుక పెద్దవి పిల్లపురుగును నోట పట్టుకొని, నేతగాడు మగ్గములో నాడెను ఆడించినట్లు ఈ ఆకు నుండి ఆ ఆకుకు ఆడిస్తాయి. చైనా దేశములో నారింజ తోటలకు చీడ పట్టకుండా ఇట్టి చీమల గూళ్ళను కొని తెచ్చి చెట్లకు కట్టేవారని, క్రీ.శ. 304 నాటిదని చెప్పబడే ఒక గ్రంథములో ఉన్నది. మనము కుట్టించుకొని పారిపోయే చీమ అక్కడ తోటకు కావలివాడు అయినది.

ఇప్పుడు మనుష్యుల సంగతికి వద్దాము. మన సముద్రతీరపు పల్లెలలో ఒకనాడు విరివిగా కనిపించినది చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, దాని మీద శంకువు వలె లేచిన తాటాకు కప్పు. కప్పు అంచు దాదాపు నేలను తాకేటంత క్రిందికి దిగి ఉంటుంది. లోనికి పోవాలంటే తల వంచవలసినదే. ఆ వంపులో గొప్ప వివేకమున్నది. మన తీరము తుఫానుల దారి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఈ ప్రాంతములను ఎట్లు అల్లకల్లోలము చేసినవో మనము కన్నులారా చూచాము. గుండ్రని ఇంటికి మూల లేదు గనుక గాలి పట్టు చిక్కక ప్రక్కలకు జారిపోతుంది. కప్పు ఎగిరిపోయినను ఊరి తాటితోపు నుండి ఆకు కోసుకొని నలుగురు కూడి నాలుగు దినములలో మరల కప్పుకొనేవారు. తాటాకు కప్పు ఎటులనూ రెండు మూడు ఏండ్లకు మార్చవలసినదే. అందుచేత కప్పు వేసే పని ప్రతి తరమునకు చేతివాటముగా ఉండేది. నేటి పక్కా ఇల్లు ఎన్నో విధముల మేలు. ఆ మేలును కాదనుట మన ఉద్దేశము కాదు.

ఆ రోజులలో రైతు చేలో వాన తడవకుండా తలమీద పెట్టుకొనే పిడి లేని ఆకు గొడుగును గిడుగు అనేవారు. ఆ మాటను గుర్తుంచుకోండి, మరల దానిని కలుసుకొందాము. కమ్మ అనే మాట కూడా ఇట్టిదే. కమ్మ అనగా తాటాకు. తాటాకు మీద వ్రాసిన ఉత్తరము కూడా కమ్మయే. స్త్రీల చెవి ఆభరణము కూడా కమ్మయే. పూర్వము తాటాకును చుట్టగా చుట్టి చెవితమ్మెకు పెట్టుకొనేవారు. తరువాత బంగారము వచ్చినది, పేరు మాత్రము ఆకుదే నిలిచినది. ఉత్తరమును, దస్తావేజును పత్రము అనుటలోను ఆ ఆకే ఉన్నది. వస్తువు పోయినను, చేసిన పనికి మన భాష ఇట్లు సాక్ష్యము చెబుతున్నది.

ఏ దేశములో ఏ ఆకు దొరికితే ఆ దేశపు చేయి దానికి అలవాటు పడుతుంది. హిమాలయ ప్రాంతములో తాటి లేదు, సూదుల వంటి ఆకులు గల పైను చెట్లు ఉన్నాయి. వేసవిలో ఆ రాలిన సూదులే అడవికి అగ్గి అంటిస్తాయి. ఉత్తరాఖండు స్త్రీలు వాటిని ఏరి, కట్టలుగా చుట్టి, దారముతో బిగించి బుట్టలు చేస్తున్నారు. అమెరికా దక్షిణ ప్రాంతములోని కుషాటా జాతి ఆదివాసులు మూరెడు పొడవు గల పైను ఆకులతో ఇట్టి బుట్టలనే అల్లుతారు. ఐరోపా అడవులలో ఒక జాతి చీమలు అదే సూదులను కుప్పవేసి, మనిషి నడుము ఎత్తు పుట్టలు కడతాయి. మన ఇసుక తీరములో పైనుకు బదులు సరుగుడు తోటలున్నాయి. వాటి క్రింద రాలే సన్నని పుడకలను పేదలు ఊడ్చి పొయ్యిలోనికి తీసుకొనిపోతారు. మన చేతికి అల్లికకు తాటి, ఈత, మొగలి సరిపోయినవి. సరుగుడు పొయ్యికి సరిపోయినది.

ఇక ఆకులలో ఘనమైన ఆకును చెప్పుకోవాలి. అది తాళపత్రము. తాటాకును కోసి, ఈనె తీసి, పసుపు వేసిన నీటిలో ఉడికించి, ఆరబెట్టి, నున్నని రాయితోనో శంఖముతోనో రుద్ది పదును చేసేవారు. శ్రీతాళపు ఆకు మరింత వెడల్పుగా, మెత్తగా ఉండేది. దాని మీద ఇనుప గంటముతో అక్షరమును గీచి, మసి పూసి తుడిస్తే గీత నల్లగా తేలేది. ఆకులకు రంధ్రము చేసి, దారము ఎక్కించి, పైన క్రింద కొయ్యపలకలు పెట్టి కట్ట కట్టేవారు. గంటముతో అడ్డముగా పొడుగు గీత గీస్తే ఆకు ఈనె వెంట చీలిపోతుంది. మన తెలుగు అక్షరము, మన పొరుగు ఒడియా అక్షరము ఇంత గుండ్రముగా తిరుగుటకు ఇదియే కారణమని లిపి పండితులలో పలువురి అభిప్రాయము.

ఆకు ప్రభావము లోహమునకు కూడా ప్రాకినది. ముఖలింగము రాజధానిగా ఏలిన కళింగ గాంగరాజుల తామ్రశాసనములను చూడండి. పొడవైన రేకులు, వాటికి రంధ్రము, అందులో ఒక కడియము, దానికి ముద్ర. రాగిరేకును కడియముతో కట్టవలసిన అవసరమేమి? తాటాకు కట్ట రూపమునే లోహములో అనుకరించుటే అందుకు మూలము. రాజు దానము శాశ్వతముగా ఉండుటకు రాగి. ప్రజల లెక్కలు, వైద్యము, జ్యోతిషము, పురాణము, కావ్యము అన్నిటికీ ఆకు. గ్రామపు లెక్కల తాటాకు కట్టలను కవిలె అనేవారు. 1821లో మరణించిన కాలిన్ మెకంజీ దొర తన మనుష్యులచేత ఊరూరి వృత్తాంతములను సేకరింపజేసినప్పుడు ఆ కవిలెలే వారికి ఆధారమైనవి.

సుజనులారా! ఇక్కడ ఒక సత్యమును గమనించాలి. ఆకుకు ఆయుష్షు కలదు. చెదలు, తేమ, పురుగు, నిప్పు దానికి శత్రువులు. గ్రంథమును నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి కాపాడుమని లేఖకులు చివరి ఆకు మీద వేడుకొనేవారు. ఎంత కాపాడినను కొన్ని తరములకు ఆకు పెళుసుబారుతుంది. అప్పుడు మరొక చేయి మరొక ఆకు మీద దానిని ఎక్కించాలి. మన వాఙ్మయములో నేడు మిగిలినదంతా అట్లు చేతి నుండి చేతికి దాటి వచ్చినదే. మధ్యలో ఒక్క తరము చేయి ఆగితే ఆ గ్రంథము అక్కడితో సరి. మెకంజీ సేకరించిన కాగితములు కూడా శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ వాటికి మరల ప్రతులు వ్రాయించాడు. తెలుగు కావ్యముల వ్రాతప్రతులను తెప్పించి, పండితులచేత సరిచూపించి శుద్ధప్రతులు చేయించాడు. మాక్స్ ముల్లర్ పండితుడు ఎన్నో వ్రాతప్రతులను పోల్చి ప్రకటించిన ఋగ్వేదము రెండవ ముద్రణ 1890 - 92 మధ్య వెలువడుటకు ద్రవ్యసహాయము చేసినది మన విజయనగర ప్రభువు ఆనంద గజపతియే. ప్రతి వ్రాసినవాడు, వ్రాయించినవాడు, అచ్చు వేయించినవాడు అందరూ ఒకే గొలుసులోని కడియములు.

ఇందాక గుర్తుంచుకోమన్న గిడుగు మాటకు ఇప్పుడు వద్దాము. ఆ మాటనే ఇంటిపేరుగా గల మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు 1863లో ముఖలింగమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ముఖలింగ శాసనముల లిపిని ఎవరూ నేర్పకుండానే నేర్చుకొన్నారు. గాంగరాజు వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును పరిష్కరించి ప్రకటించారు. అది శక సంవత్సరము 979, అనగా క్రీ.శ. 1057 నాటిది. వంశధార ఒడ్డున శాలిహుండము బౌద్ధ క్షేత్రమును 1919లో లోకము దృష్టికి తెచ్చినదియు వారే.

రాతిని, రాగిని చదివిన ఆ పంతులుగారు రాత లేని భాష కోసము అంతకంటె ఎక్కువ శ్రమ పడ్డారు. కొండలలో నివసించే సవరల భాషకు ఆనాడు లిపి లేదు. వారి పాటలు, కథలు, ఆకు పేర్లు, చెట్ల పేర్లు అన్నీ నోటిలోనే ఉండేవి. పంతులుగారు సవర మిత్రులను ఇంట ఉంచుకొని, వారి నోటి నుండి మాటలను వ్రాసుకొని, 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించారు. నోటి మాటను కాగితము మీదికి ఎక్కించుట కూడా ఒక విధముగా ప్రతి వ్రాయుటయే.

ఆ సవరలు, వారితోపాటు జాతాపులు నేటికీ మనకు అన్నము పెట్టే ఆకును ఇస్తున్నారు. అది అడ్డాకు. సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము కొండలలో అడ్డతీగ పెద్ద చెట్లను చుట్టుకొని ఆకాశము దాకా ప్రాకుతుంది. ఈ ప్రాంతములు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి. అడ్డాకు మధ్య చీలి, జంట రెక్కల వలె ఉంటుంది. తీగ నారతో త్రాళ్ళు పేనుతారు, గింజలు కాల్చుకొని తింటారు. ఆకులను కోసి, ఎండబెట్టి, బరువు పెట్టి అణచి, సన్నని వెదురు పుల్లలతో కుట్టి విస్తళ్ళు, డొప్పలు చేస్తారు. కుట్టేది ఎక్కువగా స్త్రీలే. ఆకు మీద ఆకు ఎంత కప్పాలో, పుల్ల ఎక్కడ గుచ్చితే చారు కారదో తల్లి చేతిని చూచి కూతురు నేర్చుకోవలసినదే. వడ్డించే ముందు నీళ్ళు చల్లితే ఎండిన ఆకు మరల మెత్తబడుతుంది. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది అనే సామెత ఇట్టి పంక్తిలో కూర్చున్నవారి నోట పుట్టినదే.

కొండవారు తెచ్చే అటవీ ఫలసాయమునకు న్యాయమైన ధర దక్కాలని 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అయినను మైదానములో మన వంటశాలల లోనికి ప్లాస్టిక్కు, థర్మోకోలు పళ్ళెములు ప్రవేశించినవి. ఎంగిలి విస్తరిని ఆవు తినేది, మిగిలినది పెంటలో కలిసి ఎరువయ్యేది. ఈ కొత్త పళ్ళెము ఆవు కడుపులో చిక్కుకొంటున్నది, చెరువులో తేలుతున్నది. 2022 జూలై 1 నుండి దేశమంతటా ఒక్కమారు వాడి పారవేసే ప్లాస్టిక్కు పళ్ళెములను, గ్లాసులను నిషేధించారు. నిషేధము కాగితము మీద ఉన్నది. విస్తరి కుట్టే చేయి అప్పటికి మిగిలి ఉంటేనే కదా అది మన పంక్తిలోనికి తిరిగి వచ్చేది!

మాకు తెలిసిన ఒక సంగతిని చెప్పి ముగిస్తాము. కొన్ని దశాబ్దముల క్రిందట ఒక పల్లెలో పాత ఇంటిని విప్పుతుండగా అటక మీద తాటాకు కట్టలు దొరికినవి. ఆ ఇంటివారికి అవి చదువ రావు. పురుగు పట్టినవి, ఇంట ఉంచితే కీడేమో అని భోగిమంటలో వేశారు. మేము తెలిసి వెళ్ళేసరికి ఒక కొయ్యపలక, అంచులు మాడిన నాలుగైదు ఆకులు మిగిలి ఉన్నాయి. ఒక ఆకును తుడిచి చూస్తే శొంఠి, పిప్పలి, కరక్కాయ అనే మాటలు చదువగలిగాము. అది ఏదో మందు. ఏ రోగమునకో చెప్పవలసిన భాగము కాలిపోయినది. ఆ ఇంటి పెద్దాయన ఆకును చేతిలో పట్టుకొని, “మా తాతగారు ఊరందరికీ మందు ఇచ్చేవారండీ, ఇందులోనే ఉండి ఉంటుంది” అన్నారు. ఆయనను తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. ఆయనకు ఆ అక్షరము నేర్పవలసిన చేయి ఆయనకంటె ముందు తరములోనే ఆగిపోయినది.

గిజిగాని గూడు ప్రతి సంవత్సరము చెడిపోతుంది. అయినను మరుసటి వానలకు మరల కనిపిస్తుంది. ఆ విద్యలో చాలా భాగము పుట్టుకతోనే వస్తుంది, మిగిలినది సాధనతో కుదురుతుంది. మనిషికి ఆ వరము లేదు. కప్పు వేయుట, విస్తరి కుట్టుట, గంటము పట్టుట, పాత అక్షరము చదువుట ఏదైనను ఒకరు చూపితేనే మరొకరికి వస్తుంది.

కనుక మన చేతనైన మూడు పనులు చేద్దాము. ఇంట తాటాకు కట్ట ఉంటే నిప్పులోను నీటిలోను వేయక, తాళపత్రములను భద్రపరుస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయము వంటి చోట చదువగలవారికి చూపుదాము. మన ఇంటి శుభకార్యములలో, అన్నసమారాధనలలో కుట్టిన ఆకులోనే వడ్డిద్దాము, కుట్టిన చేతికి తగిన వెల ఇద్దాము. మన పిల్లలను ఒక సాయంకాలము విస్తరి కుట్టే అమ్మ ప్రక్కన కూర్చోబెడదాము. వారి మొదటి విస్తరిలో చారు కారవచ్చును, రెండవదానిలో కొంత తగ్గుతుంది.

స్వస్తి.